కుట్టుపనికి ఇస్త్రీ బల్ల

ఇస్త్రీ అంటే బట్ట పూర్తయ్యాక చేసే పని అనుకుంటాం. నిజానికి ప్రతి కుట్టునూ వేసిన వెంటనే ఇస్త్రీతో అణచాలి. అప్పుడే దానిమీద వచ్చే కుట్టు తిన్నగా పడుతుంది. ఉత్త చెక్కమీద చేస్తే లోపలి కుట్టు అచ్చు పైకి కనిపిస్తుంది. అందుకే మెత్త కావాలి.

డిగ్రీ సెలవుల్లో ఫీజు కోసం జాకెట్లు కుట్టేదాన్ని. ఒకసారి మెత్తగా ఉందని సంతలో కొన్న రంగుల దుప్పటి బల్లమీద పరిచాను. వేడికి అది కరిగి జాకెట్‌కు అంటుకుంది. ఆ గుడ్డ ఖరీదు నేనే కట్టాను.

కావలసినవి: 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్, పాత కంబళి, కోరా గుడ్డ, 10 మిల్లీమీటర్ల మేకులు. అంతకంటే పొడవైతే మొన పైకి వస్తుంది.

పరీక్ష: కంబళి పోగు ఒకటి లాగి, పక్కన నీళ్ళు పెట్టుకుని, ఆరుబయట వెలిగించండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన, నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది. రెండూ పనికొస్తాయి. కరిగి గట్టి పూసలా మారితే వాడకండి. స్పాంజి కూడా వద్దు. అది దిగిపోయి గుడ్డ సాగుతుంది.

పద్ధతి:
1. కోరా గుడ్డను రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేయండి. లేకుంటే తర్వాత కుంచించుకుపోతుంది.
2. కంబళిని చెక్క సైజుకు కత్తిరించి రెండు పొరలు పరచండి.
3. కోరా గుడ్డను అన్ని వైపులా 4 అంగుళాలు ఎక్కువ ఉంచి కప్పండి.
4. చెక్క అడుగున ఒక వైపు మధ్యలో మేకు కొట్టి, ఎదుటి వైపుకు లాగి మరొకటి కొట్టండి. ఇలా మధ్య నుంచి మూలలకు వెళ్ళండి. మూలలు చివర మడవండి.

కుట్టును అణచేటప్పుడు పెట్టెను రుద్దకుండా ఎత్తి పెట్టండి. అరనిమిషం పోగు పరీక్ష ఎదుటివారి గుడ్డనూ మీ కూలినీ కాపాడుతుంది.