మొక్కజొన్న క్షేత్రంలో నేల తేమ సెన్సర్లకు వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్ అమరిక

ఉపోద్ఘాతం

నీటి యాజమాన్య పరిశోధనల్లో నేల తేమ సెన్సర్ల వినియోగం పెరుగుతున్నది. సెన్సరుకు అనుసంధానించిన నోడు 15 నిమిషాలకొకసారి రీడింగును పంపితే, పొలం గట్టున ఉన్న యాక్సెస్ పాయింట్ దానిని అందుకొని కంప్యూటరుకు చేరవేస్తుంది. ఈ పరికరాలను సాధారణంగా విత్తే సమయంలో, నేల ఖాళీగా ఉన్నప్పుడు అమర్చి పరీక్షిస్తారు. అప్పుడు లోపమేమీ కనిపించదు. పైరు ఏపుగా పెరిగి పూతకు వచ్చేసరికి అదే అమరికలో రీడింగులు తప్పిపోవచ్చు. మొక్కజొన్న నీటి ఎద్దడిని ఏమాత్రం తట్టుకోలేనిది ఈ దశలోనే. ఎద్దడి వల్ల పీచు ఆలస్యంగా వెలువడి, పరాగ సంపర్కం దెబ్బతిని గింజల సంఖ్య తగ్గుతుంది. అనగా సమాచారం అత్యవసరమైన రోజుల్లోనే అది కొరవడుతుంది.

పైరు ఎత్తు - తరంగ మార్గం

2.4 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెం.మీ. ఆకుల్లోని నీరు ఈ తరంగాలను గ్రహిస్తుంది. ఆకులు, కాండాలు వాటిని చెదరగొడతాయి. రెండు యాంటెన్నాల మధ్య సరళరేఖ ఒక్కటే ఖాళీగా ఉంటే చాలదు. దాని చుట్టూ ఉండే ఫ్రెనెల్ మండలంలో కనీసం 60 శాతం వ్యాసార్ధం మేర అడ్డు ఉండరాదు. దూరం 200 మీ. అయితే మధ్యబిందువు వద్ద మండల వ్యాసార్ధం 2.5 మీ.; అందులో 60 శాతం 1.5 మీ. పైరు 2 మీ. పెరుగుతుందనుకుంటే రెండు యాంటెన్నాలనూ నేల నుండి 3.5 మీ. ఎత్తున నిలపాలి. ఈ ఎత్తు లోపాన్ని ఏ సెట్టింగూ పూర్తిగా సరిదిద్దలేదు.

సెట్టింగుల ఎంపిక

ఛానల్: యాక్సెస్ పాయింట్లు ప్రధానంగా ఇళ్లకు, కార్యాలయాలకు అనువుగా తయారవుతాయి. వాటిలో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఎంచుకొని ఉంటే 20కి మార్చాలి. వెడల్పు రెట్టింపైతే స్వీకరించే రొద కూడా రెట్టింపవుతుంది. ఒకదానిపై ఒకటి పడని 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదానిని స్థిరపరచాలి. స్వయంచాలక ఎంపికను వదిలేస్తే ఛానల్ మారిన ప్రతిసారీ నోడు దానిని వెతుక్కుంటూ బ్యాటరీని ఖర్చు చేస్తుంది.

ప్రసార సామర్థ్యం: దీనిని 20 నుండి 23 డీబీఎంకు పెంచితే 100 మిల్లీవాట్లు 200 అవుతాయి. అయితే నోడు ప్రసార సామర్థ్యం పెరగదు. యాక్సెస్ పాయింట్ సంకేతం నోడుకు బలంగా అందుతున్నా, నోడు పంపిన రీడింగు తిరిగి చేరకపోవచ్చు. అధిక గెయిన్ గల యాంటెన్నా పంపడానికి, స్వీకరించడానికి రెండింటికీ సమానంగా తోడ్పడుతుంది. భారతదేశంలో ఈ పట్టీలో వెలువడే మొత్తం సామర్థ్యం 4 వాట్లు మించరాదన్న నిబంధనను పాటించాలి.

కనీస డేటా వేగం: రద్దీగా ఉండే కార్యాలయాల్లో 1, 2 ఎంబీపీఎస్ వేగాలను నిలిపివేయడం పరిపాటి. క్షేత్రంలో వాటిని కొనసాగించాలి. రీడింగు పరిమాణం స్వల్పం. తక్కువ వేగంలో బలహీన సంకేతం కూడా అందుతుంది.

బీకన్, డీటీఐఎం: బీకన్ వ్యవధి సాధారణంగా 102.4 మిల్లీసెకన్లు, దీనిని మార్చనవసరం లేదు. నిరంతరం అనుసంధానమై ఉండే నోడ్లకు డీటీఐఎం విలువను 3గా ఉంచితే అవి మేల్కొనే సందర్భాలు తగ్గుతాయి. గాఢ నిద్రలోకి వెళ్లే నోడ్లకు దీనివల్ల ప్రయోజనం లేదు.

భద్రత: డబ్ల్యూపీఏ3 మాత్రమే ఎంచుకుంటే పాత నోడ్లు అనుసంధానం కావు, వాటికి ఏఈఎస్‌తో కూడిన డబ్ల్యూపీఏ2 తగినది.

పరీక్ష, విశ్లేషణ

ఒకసారి ఒక సెట్టింగునే మార్చి 24 గంటలు పరిశీలించాలి. 15 నిమిషాల వ్యవధికి నోడు నుండి రోజుకు 96 రీడింగులు రావాలి. అందినవాటి శాతాన్ని విత్తిన తరువాతి రోజులవారీగా నమోదు చేస్తే పైరు ప్రభావం స్పష్టమవుతుంది.

తప్పిపోయిన రీడింగులను సగటుతో పూరించడం ప్రమాదకరం. తగినంత నీరు పొందిన మడిలో పైరు దట్టంగా, ఎత్తుగా ఉంటుంది. అక్కడే సంకేతం ఎక్కువగా దెబ్బతినే అవకాశం ఉంది. కాబట్టి లోపించిన సమాచారం యాదృచ్ఛికం కాదు, ట్రీట్‌మెంటుతో ముడిపడినది. అటువంటి సమాచారంపై ఆధారపడిన పోలిక తప్పుదారి పట్టిస్తుంది. అందని రీడింగులను తనలో దాచుకొని, అవకాశం చిక్కినప్పుడు తిరిగి పంపే నోడును ఎంచుకోవడం దీనికి ఉత్తమ రక్షణ.

ముగింపు

యాక్సెస్ పాయింట్ అమరిక ప్రయోగ పద్ధతిలో భాగమే. యాంటెన్నా ఎత్తు, ఛానల్, ప్రసార సామర్థ్యం, అందిన రీడింగుల శాతం పరిశోధన నివేదికలో పొందుపరచాలి. విత్తిన నాటి పరీక్షతో సరిపెట్టుకోక, పూతకు ముందు మరొకసారి పరీక్షించడం తప్పనిసరి.