డీజిలు కారులో ఈజీఆర్ వాల్వు: లోపములు, పరీక్షించు విధము

డీజిలు కారు నల్లపొగ విడచుచు మిట్ట యెక్కలేక పోయినప్పుడు రైతు సోదరులు సాధారణముగా డీజిలు పంపునో, టర్బోనో శంకించి వేలకొలది రూపాయలు వ్యయము చేయుచుందురు. పలుమారు ఆ లోపము ఈజీఆర్ వాల్వు అను చిన్న కవాటమునందుండును. దానిని ముందుగా పరీక్షించుట యెట్లో ఈ పాఠమున వివరించెదము.

ఈ కవాట మెందులకు?

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియు, 21 పాళ్లు ప్రాణవాయువును కలవు. ఇంజనులోని తీవ్రమైన వేడిమికి ఈ రెండును కలిసి ఊపిరితిత్తులకు హానిచేయు విషవాయువులుగా మారును. కావున బయటికి పోవు పొగలో కొంత భాగమును మరల లోపలి గాలితో కలిపి పంపుదురు. అందువలన ప్రాణవాయువు పాలు తగ్గి, మంట వేడిమి తగ్గి, విషవాయువులు తక్కువగా పుట్టును. ఎంత పొగ మరలవలెనో నిర్ణయించు తలుపే ఈ వాల్వు. చెరువు తూము తలుపు క్రింద నాచు చిక్కినచో అది పూర్తిగా మూతపడనట్లే, మసియు నూనె ఆవిరియు కలిసి జిగురుగా పేరుకొనినచో ఈ కవాటమును బిగిసికొనిపోవును.

గుర్తులు

1. తెరచుకొని బిగిసినచో ఇంజను నిలకడగా తిరుగక వణకును, ఒక్కొకప్పుడు ఆగిపోవును. లాగుడు తగ్గి నల్లపొగ వచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 కారులలో మసిని పట్టు ఫిల్టరుండుటచే పొగ కానరాకపోవచ్చును; ఆ ఫిల్టరే త్వరత్వరగా నిండును.

2. మూసికొని బిగిసినచో లాగుడులో భేద మంతగా తెలియదు. ఇంజను దీపము వెలుగును; విషవాయువులు హెచ్చును.

3. మరలు పొగను చల్లార్చు కూలరు చిల్లిపడినచో, బయట కారుట కానరాకయే రేడియేటరు నీరు తరుగును, తెల్లపొగ వచ్చును. ఇట్టి కారును నడపరాదు.

పరీక్షాక్రమము

మొదట గాలి ఫిల్టరును, టర్బో గొట్టముల చీలికలను చూడవలెను. వీనివలనను నల్లపొగ వచ్చును. పిమ్మట స్కానరు పెట్టించి సంకేతమును వ్రాసికొనవలెను. పి0401 అనగా మరలు పొగ చాలలేదనియు, పి0402 అనగా మితిమీరినదనియు, పి0403 అనగా విద్యుత్తు మార్గమున లోపమనియు అర్థము. ఈ మూడవదానికి శుభ్రపరచుటవలన ప్రయోజనము లేదు. తీగలను, వాని ప్లగ్గును చూడవలెను.

శుభ్రపరచు విధము

ఇంజను చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగ విప్పి కవాటము నూడదీయవలెను. కార్బురేటరు క్లీనరు చల్లి, మెత్తని బ్రష్షుతో మసి తీయవలెను. మోటారు గల భాగమును ద్రవములో ముంచరాదు. తలుపును బలముగా త్రిప్పరాదు. లోని పండ్లచక్రములు విరుగును. బిగించునప్పుడు క్రొత్త గాస్కెట్టు వేసి, పిదప స్కానరుతో సంకేతమును తుడిపింపవలెను.

రేకు అడ్డుపెట్టరాదు

పొగదారికి రేకు అడ్డుపెట్టిన చాలునని కొందరు చెప్పుదురు. ఆ సలహా వినరాదు. కంప్యూటరు దానిని కనిపెట్టి దీపము వెలిగించును. కొన్ని కారులలో ఇంజను బలమును తగ్గించును. వాయుకాలుష్య ప్రమాణములను మీరిన బండిని నడపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను క్రింద నేరము. అంతకంటె ముఖ్యముగా, ఆ విషవాయువును పీల్చువారు మన వీధులలోని బిడ్డలే.

మరల రాకుండుటకు

ఇంజను వేడెక్కకముందే ముగియు చిన్న ప్రయాణములును, ఊరక నిలిపి ఇంజను తిరుగనిచ్చుటయు మసిని పెంచును. అప్పుడప్పుడు బాగుగా వేడెక్కిన ఇంజనుతో అరగంట సేపు నిలకడ వేగమున నడపవలెను. గడువు దాటక ఆయిలు మార్పింపవలెను. మసి వెంటవెంటనే పేరుకొనుచున్నచో ఇంజెక్టర్లను పరీక్షింప జేయవలెను.

పెద్ద భాగము మార్చవలెనని మెకానిక్కు చెప్పినప్పుడు, స్కానరులో వచ్చిన సంకేతమేమి, కవాటమును విప్పి చూచితివా అని సభ్యులు తప్పక అడుగవలెను. ఈ రెండు ప్రశ్నలు పంటసొమ్ము వృథా కాకుండ కాపాడగలవు.