సందేహాలు – సమాధానాలు: చాటింపును మీరిన సరుకు

ప్రశ్న: గంజాయి పట్టుబడ్డప్పుడల్లా పోలీసుల ప్రెస్‌నోట్‌ల ‘కాంట్రాబాండ్’ అని వస్తున్నది. స్టాంపు కాయితం మీద రాసుకునే బాండుకు, దీనికి ఏమన్న సంబంధం ఉన్నదా సార్?
– డిగ్రీ విద్యార్థి, దేవరకొండ

జవాబు: లేదు. ఆ బాండు, పార్సీ నుంచి మనకొచ్చిన బంద్, బందోబస్తు దూరపు చుట్టాలు. వాటి మూలార్థం కట్టెయ్యడం. కాంట్రాబాండ్ ఇంటిపేరు వేరు. ఇటాలియన్‌లో ‘బాందో’ అంటే సర్కారు వేయించే చాటింపు, ‘కాంట్రా’ అంటే ఎదురుగా. డప్పు కొట్టి వద్దన్నాక కూడా తెచ్చిన సరుకన్నమాట. పదహారో శతాబ్దంలో ఇంగ్లీషులో చేరింది. చాటింపు వేసి వెలివేసినవాడు ‘బాండిట్’, అదీ ఈ కుటుంబమే.

కనుక తప్పు సరుకులోనే ఉండాలని లేదు. చాటింపు ఎవరిది, ఎక్కడిదాకా చెల్లుతుందన్నదే లెక్క. 2020 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచింది. అప్పట్లో ఇటు తెలంగాణ దుకాణంలో పన్ను కట్టి కొన్న సీసాలే పెట్టెలకొద్దీ వాడపల్లి వంతెన దాటి పొందుగుల చేరితే కేసయ్యేది. అలంపూర్ వైపు తుంగభద్ర దాటినా అంతే. సరుకును ఇలా ఆపడం కొత్త కాదు, నిజాం కాలంలో సుంకాల శాఖను కరోడ్‌గిరి అనేవారు. మీ ఊరి పెద్దల్ని కదిలిస్తే కరోడ్‌గిరి నాకాల ముచ్చట్లు దొరకవచ్చు.

ప్రశ్న: మా అన్నది కిరాణం దుకాణం. నల్లబెల్లం పెట్టుకుంటే ఎక్సైజోళ్లు పట్టుకపోతరంటున్నరు. తినే బెల్లం గూడ దొంగసరుకేనా?
– అచ్చంపేట పాఠకుడు

జవాబు: యుద్ధకాలంలో శత్రువుకు చేరే సరుకుల్ని డచ్చి న్యాయవేత్త గ్రోషియస్ 1625లోనే మూడు రకాలు చేశాడు: యుద్ధానికే పనికొచ్చేవి, అసలు పనికిరానివి, రెండింటికీ పనికొచ్చేవి. పేచీ ఎప్పుడూ మూడోదానితోనే. బెల్లం అందులోదే. 1968 ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మత్తుపదార్థం తయారీ కోసం ముడిసరుకు దగ్గర పెట్టుకోవడం నేరం. ఆ ‘కోసం’ దగ్గరే కేసు నిలుస్తుంది, వీగుతుంది. కిరాణం బేరానికి మించిన బస్తాలు, పక్కనే పటిక కనిపిస్తే గుడుంబాకేనని అనుమానిస్తారు. కొన్న బిల్లులు, అమ్మిన లెక్క జాగ్రత్తగా ఉంచుకొమ్మనండి.

ప్రశ్న: అమెరికాలో మనుషులను కూడా కాంట్రాబాండ్ అన్నారని చదివాను. నిజమేనా అండీ?
– ఉపాధ్యాయురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: నిజమేనమ్మా. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం నడుస్తున్న 1861 మేలో వర్జీనియాలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలోరీ, జేమ్స్ టౌన్సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవలో తప్పించుకుని, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరారు. దక్షిణాది సైన్యం వాళ్లచేత ఫిరంగుల దిబ్బ కట్టిస్తోంది. మా సొత్తు మాకిమ్మని యజమాని తరఫు మనిషి వచ్చాడు. పారిపోయిన బానిసను తిరిగి అప్పగించాలని చట్టం కూడా ఉంది.

కోట అధికారి బెంజమిన్ బట్లర్ వృత్తికి వకీలు. ‘మీరు మాది వేరే దేశమన్నారు కదా, ఇక మా చట్టం మీకెందుకు? సొత్తే అంటారా, శత్రువు యుద్ధానికి వాడే సొత్తును కాంట్రాబాండ్‌గా జప్తు చేస్తాం’ అని అడ్డం తిరిగాడు. వకీలు బుద్ధి ఇంత మంచి పనికి అక్కరకొచ్చిన సందర్భాలు తక్కువే. అయితే మనుషుల్ని సరుకుగా ఒప్పుకుంటేనే ఆ వాదం నిలుస్తుంది. కబురు తెలిసి ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు కూడా తరలివచ్చారు. ఫిరంగుల దిబ్బ కట్టని పసిపిల్ల యుద్ధసరుకు ఎలా అవుతుంది? జూలై నెలాఖరుకు వచ్చినవాళ్లు 900 మందయ్యారు. వీళ్లు బానిసలా, స్వతంత్రులా, ఎవరి సొత్తు అని బట్లరే యుద్ధమంత్రికి ఉత్తరం రాశాడు. ఆగస్టులో వచ్చిన చట్టం దక్షిణాది యుద్ధపనులకు వాడిన బానిసల మీద యజమానుల హక్కును మాత్రమే రద్దు చేసింది.