గోడలకు నీలము: పోలిక గల రంగులలో ఎన్నిక

ఉగాదికి ముందో, ఇంట శుభకార్యము నిశ్చయమైనప్పుడో గోడలకు రంగు వేయించుట మన రాయచూరు ప్రాంతమున వాడుక. ఎండ మిక్కుటమైన సీమ యగుటచే చాలమంది లేత నీలమును కోరుదురు. పూర్వము ఈ కోరిక సులభముగా తీరెడిది. సున్నపు తొట్టిలో బట్టలకు పెట్టు నీలిమందు కొంచెము కలిపెడివారు. ముదురైనచో మరికొంత సున్నము పోసెడివారు. నేడు అంగడికి పోయినచో రంగుల పుస్తకమును చేతికిత్తురు. నీలమునకును బూడిదరంగునకును నడుమనున్న ఛాయలే అందు పదులకొలది కలవు. పేర్లన్నియు ఆంగ్లమున నుండును. కాగితముపై రెండింటికి భేదము కంటికి ఆనదు. తీరా గోడకెక్కిన పిమ్మట కొట్టవచ్చినట్లు కనబడును. ఒకసారి వేయించిన రంగు నచ్చక మరల వేయించుట మధ్యతరగతి కుటుంబములకు చిన్న నష్టము కాదు. పైగా మన పిల్లలు చదువుకొనునది ఆ గోడల నడుమనే కదా! కావున ఈ విషయమును తలిదండ్రుల ముందుంచుచున్నాను.

మొదట పేర్ల మాట. తెలుగున నీలమను పదము చాల విశాలమైనది. నీలవేణి యన్నచో నల్లని జడ గలదని అర్థము. నీలాకాశ మన్నచో పగటి ఆకసము. రెండును నీలమే! మేస్త్రీతో ‘నీలము వేయుము’ అని చెప్పినచో అతడు తన మనస్సులోని నీలమును వేయును. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము మన జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిదగుటచే, లేత నీలమును ‘ఆస్మానీ’ యనువారు ఇప్పటికిని కలరు. కన్నడ సోదరులు బూడిదరంగును ‘బూదు’ అందురు. రష్యా భాషలో ముదురు నీలమునకు ఒక పేరు, లేత నీలమునకు వేరొక పేరు కలవు. రెండు నీలములు ఈ రెండు పేర్ల క్రింద వేరువేరుగా చేరినప్పుడు రష్యనులు వాని భేదమును మరింత త్వరగా గుర్తింతురనియు, ఆంగ్లేయ భాషీయులయందు అట్టి మేలు కనబడలేదనియు 2007లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. మనకును సూక్ష్మమైన పేర్లు లేకపోలేదు: పావురాయి రంగు, పొగరంగు, మబ్బురంగు, నెమలికంఠము. వీనిని పిల్లలకు ఇంటనే నేర్పుడు. రంగుల పుస్తకమును వారి ముందుంచి, ఏ ఛాయకు ఏ పేరు తగునో అడుగుడు. అంగడివానికి మాత్రము పేరు చెప్పక సంఖ్యను చెప్పుటయే క్షేమము.

పోలిక గల నీలములలో భేదము సాధారణముగా రంగు మొగ్గులో నుండును. ఒకటి ఆకుపచ్చ వైపు, మరియొకటి ఊదా వైపు మొగ్గును. విడిగా చూచినచో ఇది తెలియదు; రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి, వాని నడుమ మచ్చలేని ముదురు నీలపు ముక్క నొకదానిని ఉంచినచో వెంటనే బయటపడును. సున్నములో కలిపెడి నీలిమందు ఊదా వైపు మొగ్గునది. పూర్వము ఈ వన్నెను ఆఫ్ఘనిస్థానపు గనులలోని రాజావర్త శిలను నూరి చేసెడివారు. దానిని కృత్రిమముగా చేయు పద్ధతికి ఫ్రాన్సు దేశమున గిమె అను నతడు 1828లో బహుమతి పొందెను. అప్పటినుండి అది సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. సున్నపు ఘాటునకు తాళుటయే దాని గొప్ప గుణము. ప్రష్యన్ నీలము అట్లు తాళలేదు. సున్నములో చెడి గోధుమ వన్నెకు తిరుగును. నేటికిని సున్నము వేయించువారు దీనిని గుర్తుంచుకొనవలెను. (నెల్లూరు, కడప సీమలలో మొక్కనుండి తీసిన నీలిమందు వేరు, పేరు ఒక్కటే యైనను రెండును ఒక పదార్థము కావు.)

ఇక అన్నింటికన్న ఎక్కువగా మోసపుచ్చునది ఇరుగుపొరుగు రంగు. మన పాఠశాల విద్యార్థి తండ్రి యొకరు తమ పాత పసుపు గోడపై జానెడు మేర బూడిదనీలమును పూయించి చూచిరి. అది చక్కని నీలముగా కనబడెను. గది యంతయు వేయించిన పిమ్మట నీలమెక్కడను లేదు, బూడిదయే మిగిలెను! అంగడివాడు డబ్బా మార్చెనని వారు తలచిరి. డబ్బా మారలేదు; పసుపు పోయినది. పసుపు ప్రక్కన నున్న బూడిదరంగు నీలముగా తోచుట కంటి ధర్మము. ఈ ధర్మమును శ్రద్ధగా పరిశీలించినవాడు షెవ్రోల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. అతడు 1824లో పారిస్ లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకపు శాఖకు అధికారి యయ్యెను. అచటి నల్లని నూలులో బలము లేదని ఫిర్యాదులు వచ్చుచుండెను. పరీక్షింపగా నూలులో దోషము లేదు. నీలము, ఊదా రంగుల ప్రక్కన నేయుటచే నలుపు వెలవెలబోవుచున్నదని తేలెను. 1839లో అతడు దీనిపై పెద్ద గ్రంథమునే ప్రకటించెను.

మన ఇండ్లలో ఇరుగుపొరుగు అనగా ముఖ్యముగా నేల. షాబాదు బండలు పరచిన ఇండ్లు మన వైపు అనేకములు. ఆ బండ తానే బూడిదనీలము. దానికి దగ్గరి ఛాయను గోడకు వేసినచో గది నిర్జీవముగా కనబడును. స్వచ్ఛమైన నీలమును వేసినచో నేల మాసినట్లు తోచును. నా మట్టుకు, అట్టి నేలకు మిక్కిలి లేత నీలమును, దాదాపు తెలుపును, మేలని తలతును. ఎర్రని గచ్చు గల ఇంట బూడిదనీలము కూడ నీలముగానే కనబడును, అందుచే అచట ధైర్యముగా వేయవచ్చును.

వెలుతురును గూర్చి కొంత చెప్పవలెను. ఉత్తరపు కిటికీనుండి వచ్చునది ఆకసపు వెలుగు. అది నీలమునకు తోడ్పడును. పడమటి గదిలో సాయంకాలపు పసుపు వెలుగు నీలమును తినివేయును. రాత్రి దీపముల సంగతి మరింత చిక్కు. దీపపు పెట్టెపై 2700 లేక 3000 కెల్విన్ అని యున్నచో పసుపు వెలుగు, 6500 అని యున్నచో తెల్లని, కొంచెము నీలపు వెలుగు. మొదటి దానిలో బూడిదనీలము వట్టి బూడిదయగును. ఒక దీపము క్రింద సరిగా కలిసిన రెండు ముక్కలు మరియొక దీపము క్రింద విడిపోవుటయు కలదు. అంగడిలోని దీపమును నమ్మి నిర్ణయింపరాదు.

రంగుల పుస్తకములోని ముక్క రెండంగుళములు, గోడలు నాలుగు. ఒక గోడపై పడిన వెలుగు ఎదుటి గోడపై పడి మరల తిరిగి వచ్చును గనుక గదిలో రంగు ముక్కపైకన్న గాఢమగును. అందుచే మీకు నచ్చినదానికన్న ఒక మెట్టు లేతదానిని తీసికొనుట మంచిది. కొన్ని కంపెనీలు ప్రతి రంగునకు కాంతిని తిరిగి ఇచ్చు శక్తిని సున్న మొదలు నూరు వరకు అంకెలలో తెలుపును. మంచి తెలుపు 80కి పైన నుండును. ముదురు బూడిదనీలము 30కి దిగువన నుండవచ్చును, అనగా పడిన వెలుగులో రెండు వంతులకు పైగా గోడయే త్రాగివేయును. పిల్లలు చదువు గదికి 60కి తక్కువైన రంగును నేను సమ్మతింపను. పడకగదిలో మీ యిష్టము.

పరీక్ష చేయు విధము సులభమే. అంగడిలో చిన్న డబ్బాలు దొరకును. రెండడుగుల అట్టముక్కలను తీసికొని, అంచున నాలుగంగుళముల తెలుపు విడిచి, ఒక్కొక్క రంగును రెండు పూతలు వేయుడు. పూర్తిగా ఆరనిండు; తడిసిన సున్నము ఆరిన దానికన్న చాల ముదురుగా నుండును. అట్టను గోడకు ఆనించి, నేలకు తగులునట్లు నిలుపుడు. ఉదయము, మధ్యాహ్నము, దీపములు పెట్టిన పిమ్మట చూడుడు. మరునాడు చోటు మార్చి, కిటికీ ప్రక్క గోడకు నిలుపుడు. ఆ గోడయే గదిలో చీకటిది. రెండు రోజుల పిమ్మట ఇంటిల్లిపాదిని విడివిడిగా అడుగుడు. పిల్లలను ముందుగా అడుగుడు, పెద్దలు చెప్పిన పిమ్మట వారు వేరుగా చెప్పరు. నిశ్చయమైన వెనుక గదికి కావలసిన రంగునంతయు ఒకేసారి కలిపించుడు. మరల కలిపించినచో కొద్ది భేదము రావచ్చును. రంగు సంఖ్యను, తేదీని తలుపు వెనుక పెన్సిలుతో వ్రాసి యుంచినచో మరుసటి యేట చెమ్మ పట్టిన చోట పూయుటకు వెదుకులాట యుండదు.