సున్నము నానవేయువారికి

సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయుట, నిమ్మచెట్ల మొదళ్లకు మైలుతుత్తము కలిపిన బోర్డోపేస్టు పూయుట మన సభ్యులలో పెక్కుమందికి అలవాటు. రెంటికిని కావలసినది సున్నమే.

నిరుడొక సభ్యుని యింట మేము చూచినది చెప్పుదుము. ఆయన కుండనిండ సున్నపురాళ్లు పోసి, మీద చెంబెడు నీళ్లు చల్లి, ఉడికినదో లేదో యని వంగి చూచుచుండెను. అంతలో కుండ పగిలి ముద్ద యొకటి యెగిరి ఆయన చెంపపై పడెను. రెండంగుళములు పైకి పడినచో కన్నే పోయెడిది.

బట్టీలో కాలిన సున్నపురాయి నీటితో కలియగనే, పొయ్యి లేకయే నీరు తెర్లునంతటి వేడి పుట్టును. రాళ్లు మెండుగను నీరు కొంచెముగను ఉన్నచో ఆవిరి ఒక్కుమ్మడిగా తన్నుకొని వచ్చును. కావున ముందు నీరు, పిమ్మట రాళ్లు. వెడల్పైన యినుపతొట్టిలో నీరు సమృద్ధిగా పోసి, రాళ్లను కొద్దికొద్దిగా వేయుచు, పొడవుకర్రతో ఎడముగా నిలిచి త్రిప్పవలెను. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడును. అల్యూమినియము పాత్రనైతే సున్నము తినివేయుటయే గాక, మండెడు వాయువును పుట్టించును. పిల్లలను దాపునకు రానీయరాదు. బుడగలు చూడ మొదట మూగువారు వారే.

చల్లారిన సున్నమును కంటికి చెరుపే. పైకప్పునకు వెల్ల వేయువారు కండ్లద్దములు తీయరాదు.

కంట పడినచో నలుపరాదు. రెప్పలు విప్పిపట్టి, పలుకులను తడిగుడ్డతో తీసివేయుచు, అరగంటసేపు మంచినీటిధార విడువక పోయవలెను. ఆముదమనియు చనుబాలనియు జాగుచేయరాదు. నొప్పి తగ్గినను కంటివైద్యునియొద్దకు పోవలసినదే. సున్నము లోపలికి దిగి గంటల తరువాతను కాల్చుచుండును.