బోయినపల్లి ప్రాంతమున ఒంటిగది బడి

మీరు తరగతికొక గది, గదికొక నల్లబల్ల గల పాఠశాలలో చదువుకొనుచున్నారు. మీ తాతముత్తాతల బడి యెట్టిదో కొంచెము విచారింతము.

నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో నున్న బోయినపల్లి ప్రాంతము 1948 వరకు నిజాము రాజ్యమునకును, 2016 వరకు కరీంనగరు జిల్లాకును చెందియుండెను. నిజాము నాటి పల్లెలలో చదువనగా చాలచోట్ల ఖాన్గీ బడియే. ఒక యింటి వసారాయో, గుడి మండపమో బడి యగుచుండెను. పంతులొక్కడే, జీతము తరచుగా ధాన్యమే. చిన్నవారు ఇసుకలో ఓనమాలు దిద్దుచుండగా, పెద్దవారు ఎక్కములును శతకపద్యములును వల్లించుచుండిరి. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పుచుండెను.

ఇట్టి పద్ధతినే 18వ శతాబ్ది చివర ఆండ్రూ బెల్ అను దొర దక్షిణదేశపు వీధిబడులలో చూచి ఇంగ్లండునకు గొనిపోయెను. అచ్చట దానికి ‘మద్రాసు పద్ధతి’ యని పేరు వచ్చెను. శిక్షణ కళాశాలలో మేము బెల్ పేరు వల్లించితిమి గాని, అది మన ఇసుకమీది చదువే యని తరువాత గాని గ్రహింపమైతిమి.

అయినను ఆ బడి గడప అందరికిని తెరచియుండలేదు. బాలికలును, అస్పృశ్యులనబడినవారి బిడ్డలును చాలవరకు వెలుపలనే నిలిచిరి. ఈ దోషమును దాచుట చరిత్ర గాదు.

సర్కారు బడులలో పైచదువు ఉర్దూలో సాగెను. మాతృభాషలో విద్య కావలెనని కోరిన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన మన సిరిసిల్లలోనే జరిగెను. వేములవాడకు సమీపముననున్న హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు వీధిబడిలో అక్షరములు నేర్చి, ఉర్దూ మాధ్యమమున చదివియు, తెలుగు కవియై 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందిరి. ఉర్దూ వారి తెలుగును చెరుపలేదు. మొదటి అక్షరముల వేరు అంత బలమైనది.

బోయినపల్లి మండలమునందలి మాన్వాడ వద్ద మధ్యమానేరు జలాశయము నిర్మింపబడినది. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మున్నగు గ్రామములు ముంపునకు గురియై, ప్రజలు పునరావాస కాలనీలకు తరలిరి. నీరు పొలములకు మేలే. కాని పాత ఊరితోపాటు బడి జరిగిన చోటును కనుమరుగైనది. ఇక దాని చరిత్ర పెద్దల జ్ఞాపకముననే యున్నది.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటి పెద్దలను మూడు ప్రశ్నలు అడుగుడు: బడి యెచ్చట జరిగెను? ఎవరు చదివిరి? ఎవరికి చదువు దొరకలేదు? విన్నది విన్నట్లు వ్రాసి తెండు. తలిదండ్రులారా, బిడ్డలు అడిగినపుడు విసుగుకొనక చెప్పుడు. మూడవ ప్రశ్నకు మీరిచ్చు ఉత్తరమే మాకు ముఖ్యము. ఏలయన, నాడు వెలుపల నిలిచినవారి మనుమలును మనుమరాండ్రును నేడు మా ముందు బల్లలపై కూర్చుండియున్నారు.