కారులో ఇంధనమును కొలుచుట ఎట్లు?

మన బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి గాలి తీరప్రాంతపు గాలికంటె ఇంచుమించు పదవవంతు పలుచన. సెలవులలో ముళబాగిలు, పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగి తిరుపతికి పోవువారు ఈ భేదమును గమనింపరు. వారి కారు మాత్రము గమనించి, పెట్రోలు పాలును మార్చుకొనుచునే యుండును. అది యెట్లని పిల్లలడిగినపుడు తలిదండ్రులకు ఉపయోగపడునని ఈ పాఠము వ్రాయుచున్నాను.

ఒక కిలోగ్రాము పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. పూర్వము ఈ పాలును కార్బురేటరు కుదుర్చుచుండెడిది. ఎత్తుపల్లములు దానికి తెలియవు. చలి ఉదయములందు చోకు లాగి బండిని బ్రతిమాలిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును.

నేడు ఇంజెక్టరు అను సన్నని కవాటము పెట్రోలును తుంపరగా చిమ్ముచున్నది. అది ఎంతసేపు తెరచియుండునో అంత పెట్రోలు. బండి నిలచి ఇంజను ఊరక తిరుగునపుడు రెండు మూడు మిల్లీసెకండ్లు చాలును. ఆ కాలమును నిర్ణయించునది ఇ.సి.యు. అను చిన్న కంప్యూటరు. దానికి కన్నులు లేవు. సెన్సార్లు చెప్పిన మాటయే దానికి ఆధారము.

ఇందు ఒక్క సెన్సారు మాట చాలదు. గాలి ఒత్తిడిని ఒకటి తెలుపును, ఉష్ణోగ్రతను మరియొకటి తెలుపును. రెండును కలిసిననే గాలి బరువు తేలును. ఉన్నత పాఠశాలలో మనము బోధించు వాయునియమమే యిది! క్రాంకు షాఫ్టు చక్రమునకు అనేక బండ్లలో 60 పండ్లకు చోటుంచి రెండింటిని తీసివేయుదురు. ఆ వెలితి దాటినపుడల్లా షాఫ్టు ఎచ్చటికి తిరిగినదో తెలియును. ఏ సిలిండరు వంతు వచ్చినదో క్యాము షాఫ్టు సెన్సారు చెప్పును. ఇంజను చల్లగానున్నపుడు పెట్రోలు సరిగా ఆవిరికాదు గనుక, నీటి వేడిమిని కొలుచు సెన్సారు మాట విని ఇ.సి.యు. కొంత హెచ్చు పెట్రోలు పోయించును.

ఇంతవరకు జరిగినది అంచనాయే. ఉపాధ్యాయుడు పాఠము చెప్పి ఊరకుండడు గదా, జవాబు పత్రములు దిద్ది మరునాటి పాఠమును సవరించుకొనును. ఆ దిద్దుబాటు ఇచ్చట పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు వలన జరుగును. పెట్రోలు హెచ్చైనచో అది సుమారు 0.9 వోల్టు, తగ్గినచో 0.1 వోల్టు చూపును. పెట్రోలులో ఇథనాలు కలిసినపుడు పాలు మారినను, కొంతమేరకు ఈ సెన్సారే పట్టుకొని సరిచేయించును. విషవాయువులను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు పాలు సరిగానున్నంతవరకే చక్కగా పనిచేయును.

ఈ విద్యకును మన నగరమునకును సంబంధము కలదు. 1951లో ఇచ్చట స్థాపింపబడిన మైకో కంపెనీ ఆడుగోడిలో స్పార్కు ప్లగ్గులు, డీజిలు ఇంజెక్షను పంపులు తయారుచేసి ప్రసిద్ధికెక్కి, 2008లో బాష్ లిమిటెడ్ అయినది. దాని మాతృసంస్థయగు జర్మనీ బాష్ వారు 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారునకు ఎలెక్ట్రానిక్ ఇంజెక్షనును, 1976లో వోల్వో కారునకు ఆక్సిజన్ సెన్సారును అందించిరి. 2020 ఏప్రిలులో భారత్ స్టేజి 6 నియమములు వచ్చిన పిదప మన స్కూటర్లకు సైతము ఇవి చాలవరకు వ్యాపించినవి.

ఇక ఖర్చుతో కూడిన మాట. ఇంజను దీపము వెలుగగానే కొందరు మెకానిక్కులు సెన్సారునే మార్చివేయుదురు. ఇది వార్త తెచ్చినవానిని దండించుట వంటిది. పెట్రోలు పంపు బలహీనపడినను, ఇంజెక్టరు పూడినను ఆక్సిజన్ సెన్సారు "పెట్రోలు చాలదు" అనియే చెప్పును, అది నిజమే. సెన్సారునకు ముందు పొగగొట్టము చిల్లుపడి బయటి గాలి చొరబడినను అదే మాట చెప్పును, అప్పుడు ఇ.సి.యు. వృథాగా పెట్రోలు పెంచును. కావున కొత్త సెన్సారునకు సొమ్ము చెల్లించుటకు ముందు, పాతది చెడినదని ఎట్లు తేల్చితిరని అడుగుడు. దీపము నిలుకడగా వెలిగినచో బండిని త్వరలో చూపింపవలెను. మినుకుమినుకుమని ఆరి వెలుగుచున్నచో సాధారణముగా సిలిండరులో మంట తప్పినదని యర్థము. మండని పెట్రోలు కన్వర్టరులో మండి దానిని కరగింపగలదు. పిల్లలను బడికి దింపు తొందర యున్నను బండిని ప్రక్కకు నిలిపి, ఆటో పిలువుడు.